తాతయ్య పొడిదగ్గు

మా తాతయ్య పెరట్లోకి వచ్చే ముందు దగ్గేవారు. ఆయనకు దగ్గు జబ్బేమీ లేదు. ఎనభై ఏళ్లు ఇనప గుండులా బతికిన మనిషి. కానీ వంటింటి గుమ్మం దాటి పెరట్లో అడుగు పెట్టబోయే ముందు అక్కడే నిలబడి రెండుసార్లు గట్టిగా గొంతు సవరించుకునేవారు. నూతి పక్కన తాటాకు తడికలతో కట్టిన స్నానాల దడి ఉండేది. దానికి తలుపూ లేదు, గడియా లేదు. లోపల మనిషి ఉన్నారనడానికి గుర్తు తడిక మీద వేసిన చీరే. ఆ చీర కనబడినా కనబడకపోయినా తాతయ్య మాత్రం దగ్గవలసిందే. అవతల నుంచి అమ్మమ్మో, పిన్నో "ఉన్నాం" అంటే మారు మాటాడకుండా వెనక్కి తిరిగి వీధి అరుగు మీదికి వెళ్లిపోయేవారు.

చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఆ దగ్గును అనుకరించి తెగ నవ్వుకునేవాళ్లం. అందులో ఎంత మర్యాద ఉందో, మర్యాద కన్నా పెద్దది ఇంకేదో ఉందో, నాకు నిన్న మొన్నటి దాకా తెలియలేదు సుమండీ.

తెలిసింది మా అమ్మాయి వల్ల.

2024 ఆగస్టు నెలాఖరున కృష్ణా జిల్లాలోని ఒక ఇంజనీరింగు కాలేజీలో, ఆడపిల్లల హాస్టలు స్నానాల గదుల్లో దొంగ కెమెరా ఉందన్న అనుమానంతో విద్యార్థినులు రాత్రంతా ఆందోళన చేసిన వార్త మీరంతా చదివే ఉంటారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. పోలీసులు గాలించి, కెమెరాలేవీ కనబడలేదన్నారు. మా అమ్మాయి ఉన్నది ఆ ఊళ్లో కాదు, ఆ కాలేజీలో కాదు. అయినా ఆ వార్త వచ్చిన వారం తిరక్కుండానే వాళ్ల హాస్టల్లోనూ గుసగుసలు మొదలయ్యాయి. మూడో అంతస్తు బాత్‌రూములో ఎగ్జాస్టు ఫ్యాను దగ్గర ఏదో ఎర్రగా మెరిసిందని ఒకమ్మాయి చూసిందట.

ఆ రాత్రి పదకొండు గంటలకు ఫోను. "అమ్మా, స్నానం చేసి మూడు రోజులైంది," అంది మా చిట్టి. తరవాత కాసేపు ఏం మాట్లాడలేదు. "కొంతమంది లైటు తీసేసి చేస్తున్నారు. కొంతమంది నైటీతోనే నీళ్లు పోసుకుంటున్నారు. నాకు అదీ ధైర్యం చాలలేదు."

వార్డెనుగారికి ఫోను చేశాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడారు. ఎలక్ట్రీషియన్ని పిలిపించి చూపించామనీ, ఏమీ దొరకలేదనీ, ఆ మెరిసింది స్విచ్చి దీపమనీ చెప్పారు. "ఏమీ లేనప్పుడు ఇంక భయమెందుకండీ? ఈ కాలం పిల్లలకు ప్రతిదీ గొడవే," అన్నారు. మావారిదీ అదే తర్కం. కెమెరా ఉంటే పోలీసులు పట్టుకుంటారు, లేకపోతే సమస్యే లేదు, మధ్యలో ఏడుపెందుకు అని. మా వదినగారు మాత్రం ఒక్క మాటలో తేల్చేశారు. "ఆడపిల్లను అంత దూరం పంపడమే తప్పు. తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెట్టండి."

చూశారూ, ముగ్గురూ ముగ్గురు పెద్దమనుషులే. ముగ్గురి మాటా విన్నాక కూడా మా చిట్టి స్నానం సంగతి తేలలేదు. పైగా తప్పు ఎటు తిరిగి ఎటు వచ్చినా దాని నెత్తి మీదే వాలుతోంది. భయపడినందుకు తప్పు. లేకపోతే చదువుకోవడానికి వెళ్లినందుకు తప్పు. నాకు మనసు ఒప్పలేదు. కారణం చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయాను.

మా మావగారు ప్లీడరు. ఆయన పోయాక ఆయన లా పుస్తకాలు అటక మీదే ఉండిపోయాయి. వాటి దుమ్ము దులిపినప్పుడల్లా అమ్మేద్దామనుకోవడమే. ఈసారి అమ్మకుండా చదవడం మొదలుపెట్టాను. అందులో దొరికిన దానికి లైబ్రరీ పుస్తకాలు తోడయ్యాయి. తీరా చూద్దును గదా, ఈ గొడవ మా చిట్టితో మొదలైంది కాదు. దీని చరిత్ర పొడుగునా ఎక్కడో ఒకచోట ఒక ఆడదాని గది ఉండనే ఉంది.

మొట్టమొదట అమెరికాలో మిచిగాన్ రాష్ట్రం. కోర్టు తీర్పు వచ్చింది 1881లో. ఒక పేదింటి ఇల్లాలికి పురుడొచ్చింది. ఇల్లంటే ఎంత? పధ్నాలుగు అడుగులకు పదహారడుగులు, మన వసారా అంత. వాన కురుస్తున్న చీకటి రాత్రి, బురద దారి. డాక్టరుకు ఒంట్లో బాగాలేదు. లాంతరూ గొడుగూ సామానూ మోయడానికి స్కాటర్‌గుడ్ అనే పెళ్లికాని కుర్రవాణ్ని వెంట తెచ్చుకున్నాడు. వాడికి వైద్యం ముక్క రాదు. ఆ ఇల్లాలు మాత్రం వీడూ వైద్యుడే కాబోలు అనుకుంది. నొప్పులు పడుతున్నప్పుడు డాక్టరు చెబితే వాడు ఆవిడ చెయ్యి కూడా పట్టుకున్నాడు. తరవాతెప్పుడో అసలు సంగతి తెలిసి ఆవిడ కోర్టుకెక్కింది.

డాక్టరు వాదన వినండి. కుర్రవాడు ఏ చెడ్డ పనీ చెయ్యలేదు, సాయమే చేశాడు, ఆవిడేమో లోపలికి రావద్దని అనలేదు. కోర్టు ఒప్పుకోలేదు. అటువంటి సమయంలో ఆ గది మీద హక్కు ఆవిడది, ఎవరో తెలియక ఊరుకోవడం ఒప్పుకోవడం కిందికి రాదు అంది. పేదరాలైతేనేం, ఇల్లు ఒంటిగదైతేనేం, పురిటి గది పురిటి గదే. చదువుతుంటే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా పిన్ని పురిటి రోజున మేనమామల్ని కూడా వీధిలోకి తరిమింది ఆవిడ. ఏ తీర్పు చదివి తరిమింది చెప్పండి!

ఆ తీర్పు వచ్చిన ఏడేళ్లకు, 1888లో, రోచెస్టరు పట్నంలో జార్జి ఈస్ట్‌మన్ అనే ఆయన కోడక్ కెమెరాను బజారులో పెట్టాడు. అంతవరకూ ఫోటో తీయించుకోవడమంటే ఒక తతంగం. స్టూడియోకి వెళ్లి, కదలకుండా బిగుసుకు కూచుంటే, నల్లగుడ్డలో తల దూర్చి తీసేవారు. మనకు తెలియకుండా మన బొమ్మ తియ్యడం అంత తేలిక కాదు. కొత్త కెమెరా చేతిలో పట్టే పెట్టె. వెల పాతిక డాలర్లు. లోపల నూరు బొమ్మలకు సరిపడే ఫిల్ము. మీట నొక్కడం ఒక్కటే కొన్నవాళ్ల పని, మిగతాదంతా కంపెనీ చూసుకునేది. అంటే ఏమిటన్నమాట? ఫోటో తీయడానికి ఎదుటి మనిషి కదలకుండా కూర్చోనక్కర్లేదు. సమ్మతించనూ అక్కర్లేదు.

మరో రెండేళ్లకు, 1890 డిసెంబరులో, శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే ఇద్దరు బోస్టను లాయర్లు హార్వర్డు లా పత్రికలో ఒక వ్యాసం రాశారు. మనిషిని తన మానాన తనను వదిలెయ్యాలి, అదొక హక్కు అని దాని సారాంశం. ఈ హక్కు చరిత్ర ఎవరు రాసినా అక్కణ్ణించే మొదలెడతారు. అప్పటికప్పుడు తీసేసే ఫోటోలను, ఇళ్లలో గుట్లు లాగే పత్రికలను ఆ వ్యాసం పేరెత్తి మరీ దులిపేసింది. మగవాళ్లిద్దరి వ్యాసం ప్రపంచ ప్రసిద్ధం. మిచిగాన్ ఇల్లాలి కేసు వాళ్ల కన్నా తొమ్మిదేళ్లు ముందుది!

వ్యాసాలు రాసినంత తేలిగ్గా కోర్టులు కదలవు. 1902 నాటి అబిగెయిల్ రాబర్‌సన్ కథే చూడండి. మైనారిటీ తీరని అమ్మాయి. ఒక గోధుమపిండి కంపెనీ ఆ పిల్లను అడగనైనా అడగకుండా ఆమె బొమ్మతో పాతికవేల ప్రకటనలు అచ్చేయించి, కొట్లలోనూ సారా అంగళ్లలోనూ అంటించింది. బొమ్మలో అసభ్యమేమీ లేదు, చక్కని ముఖం, అంతే. ఆ పిల్ల మంచం పట్టింది. న్యూయార్కు పెద్ద కోర్టులో ఏడుగురు జడ్జీల్లో నలుగురు, ఇలాంటి హక్కు మా చట్టంలో లేదుపొమ్మన్నారు. బొమ్మ అందంగానే ఉందిగదా, ఇంకొకరైతే పొగడ్తగా తీసుకుందురు అన్న ధోరణి కూడా ఆ తీర్పులో ఉంది! జనం మండిపడ్డారు. మరుసటి ఏడు, 1903లో, న్యూయార్కు శాసనసభ చట్టం చేసింది. అనుమతి లేకుండా ఒకరి పేరు గానీ బొమ్మ గానీ వ్యాపారానికి వాడకూడదని.

దీనికొక కొసమెరుపు. ఆ తీర్పు రాసిన పార్కరుగారు 1904లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఫోటోగ్రాఫర్లు ఆయన ఇంటి చుట్టూ చేరి ఊపిరాడనివ్వకపోతే విసుక్కున్నారట. అప్పుడు అబిగెయిల్ పత్రికకు ఉత్తరం రాసింది. అయ్యా, నాకు లేదన్న హక్కు తమరికెలా వచ్చిందని! ఆ ఉత్తరం సంగతి చదివిన రోజున వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అద్దె గదుల వాళ్ల కథ 1964లో న్యూ హాంప్‌షైరు రాష్ట్రంలోది. హాస్టలు పిల్లలకు దగ్గరి చుట్టమైన కేసు ఇదే. భార్యాభర్తలు ఒక ఇంట్లో అద్దెకున్నారు. వాళ్ల పడకగదిలో ఇంటివాడు మాటలు వినే పరికరం దాచి, దాని తీగను తన ఇంటిదాకా లాక్కున్నాడు. 1962లో అది బయటపడింది. అద్దె పుచ్చుకున్న మనిషే అలా చేశాడంటే ఇంక ఎవరిని నమ్మగలం? కోర్టులో ఆ ఇంటివాడి తరఫు వాదన ఏమిటో తెలుసా? పరికరం ఉన్నా ఎవరైనా విన్నట్లు రుజువేదీ అని. కేసు కొట్టెయ్యమన్నాడు. కోర్టు కొట్టెయ్యలేదు. విన్నారని రుజువు చెయ్యనక్కర్లేదంది. పరికరం అక్కడ పెట్టడంతోనే ఆ గది వాళ్లది కాకుండా పోయింది, నష్టం అప్పుడే జరిగిపోయింది అని.

ఇది చదివాక మావారిని పిలిచి చదివి వినిపించాను. "అక్కడ పరికరం దొరికిందిగా. మన హాస్టల్లో అదీ లేదు," అన్నారు. మాటకు మాట అప్పజెప్పడంలో ఆయన మా మావగారి కొడుకే మరి. నిజమే, జవాబు తోచలేదు. అటక ఎక్కవలసే వచ్చింది.

జవాబు మన గోదావరి గట్టు మనిషి దగ్గరే దొరికింది. కోకా సుబ్బారావుగారు 1902లో రాజమండ్రిలో పుట్టారు. 1954లో ఆంధ్ర హైకోర్టుకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి. తరవాత సుప్రీంకోర్టుకు వెళ్లి 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన సుప్రీంకోర్టులో ఉండగా, 1962 డిసెంబరులో, ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ వాసి కేసు తీర్పుకొచ్చింది. ఇతని మీద 1941లో బందిపోటు కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలినట్టే వదిలి పోలీసులు నిఘా మాత్రం మానలేదు. అర్ధరాత్రి తలుపు కొట్టి ఇంట్లో ఉన్నాడా లేడా చూడ్డం, ఎక్కడికి వెళ్లినా వెంట వెళ్లడం.

ఆరుగురు జడ్జీలు విన్నారు. రాత్రిపూట తలుపు కొట్టడం తప్పన్నారు. కానీ ఆంతరంగిక జీవితానికి రక్షణ అనేది మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని నలుగురు తేల్చారు. సుబ్బారావుగారూ, ఆయనతో జస్టిస్ షా ఇద్దరే విభేదించారు. రాజ్యాంగంలో ఆ మాట విడిగా రాసి లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది ప్రాణం లాంటి భాగమని సుబ్బారావుగారు రాశారు. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా నడుస్తున్నట్టు కాదు, తనను ఎవరో చూస్తున్నారని తెలిసిన మనిషి మరబొమ్మలా కదులుతాడు, అతనికి దేశమంతా జైలే అని ఆయన భావం.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. లైటు తీసేసి నీళ్లు పోసుకునే పిల్ల, నైటీ విప్పని పిల్ల, మూడు రోజులు స్నానం మానిన నా పిల్ల. కెమెరా ఉందో లేదో గానీ చూపు మాత్రం వాళ్ల మీద పడిపోయింది. "ఏమీ దొరకలేదుగా" అన్న మాట ఆ చూపును తీసెయ్యదు. తీసెయ్యాలంటే పిల్లలు నమ్మేలా, వాళ్ల ఎదుటే, ప్రతి గదీ వెతికి చూపించాలి. అది వాళ్ల మీద దయ కాదు, వాళ్లకు చెల్లవలసిన బాకీ.

ఆ తరవాత చరిత్ర గబగబా చెబుతాను. 1983లో మన హైకోర్టులోనే జస్టిస్ పి. ఎ. చౌదరిగారు, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు శాసించడం ఆమె ఆంతరంగిక హక్కుకు భంగమని తీర్పిచ్చారు. మరుసటేడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదంది. ఐ.టి. చట్టానికి చేసిన సవరణ 2009లో అమలులోకి వచ్చి, ఒకరి రహస్యాంగాల చిత్రాన్ని అనుమతి లేకుండా తీసినా, పంపినా మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అంది. ఢిల్లీ బస్సు ఘోరం తరవాత, జస్టిస్ వర్మ కమిటీ నివేదిక మీదట, 2013లో శిక్షాస్మృతిలోనే కొత్త నేరం చేర్చారు. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడటమే నేరం, బొమ్మ తీయనక్కర్లేదు. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. తీయడానికి ఒప్పుకున్నా, నలుగురికీ పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడు నేరస్తుడే. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 77వ సెక్షను. చీటీ రాసి ఫ్రిజ్జు మీద అంటించాను. మీరూ రాసుకోండి.

ఇక 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా, ఇది ప్రాథమిక హక్కే అన్నారు. 1962లో ఇద్దరన్న మాటే అప్పటికి అందరి మాట అయింది. సుబ్బారావుగారు అది చూడ్డానికి లేరు.

ఇతర దేశాల బాధా తక్కువేం కాదు. దక్షిణ కొరియాలో 2018లో వేలాది ఆడవాళ్లు దొంగ కెమెరాలకు వ్యతిరేకంగా సియోలు వీధుల్లోకి వచ్చారు. 2019లో అక్కడి పోలీసులు పది ఊళ్లలో ముప్ఫై హోటళ్లలో 42 గదుల్లో కెమెరాలు దాచి, దాదాపు 1600 మందిని చిత్రీకరించిన ముఠాను బయటపెట్టారు. ఆ దేశంలో అమ్మే ఫోన్లు ఫోటో తీసినప్పుడు టక్కుమని చప్పుడు చేసి తీరాలని 2004 నుంచీ నియమం ఉంది. ఇది చదవగానే మా తాతయ్య కళ్లముందు నిలబడ్డారు. ఫోను చేత కూడా దగ్గించారన్నమాట! చప్పుడు నొక్కేసే ఉపాయాలూ వచ్చాయిలెండి, అది వేరే సంగతి.

మన భాషలో ఆ హక్కుకు పేరేమిటని లాయర్లు గోప్యత అనీ, ఏకాంతమనీ తర్జనభర్జన పడుతున్నారు. మన ఆడవాళ్లు ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు, "కాస్త మరుగుండాలి" అని. మరుగుదొడ్డి అనే మాటలోనే ఉంది చూడండి. దొడ్డి కన్నా మరుగే ముందొచ్చింది.

సరే, మా చిట్టి సంగతి. దాన్ని ఇంటికి తీసుకురాలేదు. నేనే వెళ్లాను. మరో పదకొండు మంది తల్లులూ వచ్చారు. ప్రతి బాత్‌రూమూ పిల్లల ఎదుటే తెరిపించి, ఫ్యాన్లూ దీపాలూ గీజర్లూ విప్పించి చూశాం. అనుమానం వస్తే ఆ వస్తువును ముట్టుకోకుండా 112కి ఫోను చెయ్యాలని గోడ మీద రాయించాం. ఏమీ దొరకలేదు. వార్డెనుగారి మాట నిజమే, ఆవిడను అనుమానించినందుకు క్షమాపణ చెప్పాను. ఆవిడ మాత్రం "ఇదేదో మొదటి రోజే చెయ్యాల్సింది," అని తనలో తనే అనుకున్నారు.

అంతా అయ్యాక ఒక తల్లి లేచి, భద్రత కోసం ప్రతి వరండాలోనూ, గది గుమ్మంలోనూ కెమెరాలు పెట్టించమంది. మేమంతా తలలూపేశాం. పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "దొంగ కెమెరాకు మందు దొర కెమెరానా అమ్మా?" అంది మా చిట్టి మెల్లగా. వీధి గేటు దగ్గర ఒకటి చాలన్నారు పిల్లలు. అదే ఖాయం చేశాం.

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. ఇంటర్‌లో ఉండగా అది నిద్రపోయాక దాని ఫోను తీసి చూసేదాన్ని. మంచికే అనుకున్నాను. ప్రతి రాత్రీ చూసేదాన్ని. అది ఎన్నడూ అడగలేదు. తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. హాస్టల్లో ఒకరిని అనుమానించి అంత దూరం వెళ్లిన నేను, నా ఇంట్లో నేను చేసిన పని మాత్రం ఏ సెక్షను కిందా పెట్టుకోలేదు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు చెప్పేశాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "తెలుసు," అంది. "అందుకే అప్పట్లో నీకు చెప్పాలనుకున్నవి చాలా చెప్పలేదు." అంతే. తరవాత ఇద్దరం కలిసి గారెల పిండి రుబ్బాం.

ఆ సాయంత్రం అది గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఏదో రాసుకుంటోంది. మావారికి తలుపు తట్టే అలవాటు జన్మలో లేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. నావైపు ఒకసారి చూసి, రెండుసార్లు గట్టిగా దగ్గారు.

"ఏం నాన్నా, జలుబు చేసిందా? మిరియాల కషాయం పెట్టనా?" అంది లోపలి నుంచి చిట్టి.